యంత్రాల ముచ్చట్లు: ఇంజనుకు చుట్టిన వాసుకి



దేవతలూ, రాక్షసులూ కలిసి పాలసముద్రాన్ని చిలికిన కథ మీ అందరికీ తెలుసు గదా. మందర పర్వతాన్ని కవ్వంగా నిలబెట్టారు. వాసుకి అనే పామును తాడుగా చుట్టారు. తలవైపు రాక్షసులూ, తోకవైపు దేవతలూ పట్టుకుని లాగారు. పర్వతం గిరగిరా తిరిగింది.

ఇందులో మనం గమనించవలసినది ఒకటి ఉన్నది. పామును పర్వతానికి ఊరికే ఆనించి లాగలేదు, చుట్టి లాగారు. ఇంట్లో కవ్వంతో మజ్జిగ చిలికేవారు కూడా తాడును కవ్వానికి చుట్టిన తరవాతే లాగుతారు. చుట్టకపోతే తాడు జారిపోతుంది, కవ్వం కదలదు.

ఈ నెల మనం చెప్పుకోబోయేది ఇట్లాంటి పామును గురించే. ఇది రబ్బరు పాము. మోటారు ఇంజను ముందు భాగాన ఉన్న చక్రాల మధ్య మెలికలు తిరుగుతూ పోతుంది. ఇంగ్లీషులో దీన్ని సర్పెంటైన్ బెల్టు అంటారు. సర్పెంటైన్ అంటే పాములాగా మెలికలు తిరిగినది అని అర్థం. అమెరికాలో పాత ట్రక్కులంటే ప్రాణం పెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో కొందరు తమ ట్రక్కు ఇంజనుకు ఉన్న పాతకాలపు బెల్టులు తీసేసి ఈ పాము బెల్టును వేసుకుంటారు. వినటానికి ఇది సులువుగానే ఉంటుంది. కాని, చక్రాల సంగతి తెలియకుండా చేస్తే ఇంజను సలసలా కాగిపోతుంది! ఎందుకో చూద్దాం.

ముందు అసలు ఇంజనుకు బెల్టు ఎందుకో తెలుసుకోవాలి. పెట్రోలు మండటం వల్ల ఇంజను లోపల పిస్టన్లు పైకీ కిందికీ ఆడతాయి. అవి క్రాంకు అనే బలమైన ఇరుసును తిప్పుతాయి. ఆ క్రాంకు వెనక కొస బండి చక్రాలను నడుపుతుంది. ముందు కొసకు ఒక పుల్లీ ఉంటుంది. పుల్లీ అంటే బావి గిలక లాంటి గాడి చక్రం. ఇంజనుకు చుట్టుపక్కల పనివాళ్ళు కొందరుంటారు. వాళ్ళందరికీ కూలి ఇచ్చేది ఈ పుల్లీయే.

ఎవరా పనివాళ్ళు? మొదటివాడు నీటిపంపు. ఇంజను వేడెక్కిపోకుండా దాని చుట్టూ నీళ్ళు తిప్పుతూ ఉంటుంది. రెండవది ఫాను. వేడెక్కిన నీళ్ళు రేడియేటరులోకి వచ్చినప్పుడు దాని గుండా గాలిని లాగి చల్లబరుస్తుంది. పాత ట్రక్కులలో ఈ ఫానును నీటిపంపు ఇరుసుకే బిగించేవారు. మూడవది ఆల్టర్నేటరు. ఇది కరెంటు పుట్టించి దీపాలకు ఇస్తుంది, బాటరీని నింపుతుంది. నాలుగవది స్టీరింగు పంపు. బరువైన బండిని సులువుగా తిప్పటానికి డ్రైవరు చేతికి సాయపడుతుంది. కొన్ని బండ్లలో చల్లగాలి యంత్రం కూడా ఉంటుంది.

ఈ పనివాళ్ళందరికీ క్రాంకు బలాన్ని అందించేది బెల్టే.

1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టి కారులో ఫానును తిప్పటానికి బల్లపరుపుగా ఉండే బెల్టు వాడారు. పాత రైసుమిల్లులలో పెద్ద చక్రాల మీద తిరిగే బెల్టులు ఉండేవి, అదే రకం. బల్లపరుపు బెల్టుకు పట్టు రావాలంటే బాగా బిగించాలి. మరీ బిగిస్తే ఇరుసులు అరిగిపోతాయి. వదులు చేస్తే జారుతుంది. 1917లో అమెరికాలోని గేట్స్ రబ్బరు కంపెనీకి చెందిన జాన్ గేట్స్ ఒక కొత్త రకం బెల్టు తయారుచేశాడు. దాన్ని అడ్డంగా కోసి చూస్తే పైన వెడల్పుగా, కింద సన్నగా, ఇంగ్లీషు అక్షరం 'వి' లాగా ఉంటుంది. పుల్లీ గాడి కూడా అదే ఆకారం. అందుకనే దానికి వి-బెల్టు అని పేరు.

ఈ ఆకారంలో ఉన్న కిటుకేమిటి? వడ్రంగి దుంగను చీల్చటానికి చీలికలో మేకు దిగ్గొడతాడు. మేకు ఎంత కిందికి దిగితే పక్కలు దాన్ని అంత గట్టిగా నొక్కుతాయి. మళ్ళీ పైకి లాగితే ఒక పట్టాన రాదు. వి-బెల్టు కూడా అంతే. లాగినకొద్దీ గాడిలోకి దిగుతుంది. దిగినకొద్దీ దాని రెండు పక్కలూ గాడి గోడలను ఒత్తుకుంటాయి. గాడి గోడల మధ్య కోణం సుమారు 38 డిగ్రీలు ఉన్నదనుకుంటే, అదే బిగువుతో బల్లపరుపు బెల్టుకు వచ్చే ఒత్తిడికి ఇంచుమించు 3 రెట్లు దీనికి వస్తుంది. అందుచేత ఎక్కువ బిగించకుండానే మంచి పట్టు దొరుకుతుంది.

ఇంత మంచి బెల్టును మార్చటం దేనికి మరి?

వి-బెల్టుకు రెండు లోపాలున్నవి. మొదటిది, అది మందం. మందపు బెల్టు చిన్న పుల్లీ చుట్టూ తేలికగా వంగదు. వంగి, మళ్ళీ సాగి, మళ్ళీ వంగి వేడెక్కుతుంది. రెండవది, పని చేసేది దాని రెండు పక్కలే, వీపు వట్టిదే. కనక ఒక్క వి-బెల్టుతో రెండు మూడు పుల్లీలను తిప్పవచ్చునుగాని ఆరేడింటిని తిప్పటం కష్టం. ఆ మూలాన పనివాళ్ళు పెరిగినకొద్దీ బెల్టులు కూడా పెరిగాయి.

1970 నాటి షెవ్రోలె సి-10 అనే పికప్ ట్రక్కును తీసుకోండి. వెనక సామాన్లు వేసుకునే తొట్టి ఉన్న చిన్న లారీ అది. దానికి 350 క్యూబిక్ అంగుళాల వి-8 ఇంజను పెట్టించుకోవచ్చు. మన లెక్కలో 5.7 లీటర్లు. స్టీరింగు పంపూ, చల్లగాలి యంత్రమూ ఉన్న బండి అయితే ఇంజను ముందు రెండో మూడో వి-బెల్టులు ఒకదాని ముందొకటి ఉంటాయి. లోపలి బెల్టు తెగితే ముందున్నవాటిని కూడా విప్పితేగాని దాన్ని మార్చటానికి వీలు కాదు. పైగా కొత్త బెల్టు కొన్నాళ్ళకు సాగుతుంది. అప్పుడు మెకానిక్కు బోల్టు వదులు చేసి, ఆల్టర్నేటరును వెనక్కు నెట్టి, బెల్టును మళ్ళీ బిగించాలి. రెండు పుల్లీల నడుమ బొటనవేలితో నొక్కి, అరంగుళం పాటి దిగుతున్నదా లేదా అని చూసుకుంటాడు. బెల్టు వదులైతే కీచుమని అరుస్తుంది, దీపాలు మసకబారతాయి.

పాము బెల్టు ఈ చిక్కులు విప్పింది. అమెరికాలో 1979 నాటి ఫోర్డు మస్టాంగు కారులో దీన్ని వాడారు. 1984 నాటి షెవ్రోలె కార్వెట్ కారుకూ, 1988లో వచ్చిన షెవ్రోలె పికప్పులకూ కూడా ఈ ఏర్పాటే ఉన్నది.

ఇది పలచగా, వెడల్పుగా ఉంటుంది. లోపలివైపు చూస్తే దున్నిన చేలో చాళ్ళలాగా, బెల్టు పొడుగునా సన్నని గట్లు కనిపిస్తాయి. ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు దూరం 3.56 మిల్లీమీటర్లు. ఆరు గట్ల బెల్టు రెండు సెంటీమీటర్ల పైచిలుకు వెడల్పు ఉంటుంది. ఒక్కొక్క గట్టూ ఒక బుల్లి వి-బెల్టే! కనక 'వి' పట్టు పోలేదు. బెల్టు పలచబడింది కనక చిన్న పుల్లీ చుట్టూ కూడా హాయిగా వంగుతుంది. దీని వీపు నున్నగా ఉంటుంది. ఆ వీపుతో కూడా ఒక చక్రాన్ని తిప్పవచ్చు.

దీనికి తోడు ఒక స్ప్రింగు చెయ్యి ఉంటుంది. దాన్ని టెన్షనరు అంటారు. దాని కొసనున్న చక్రం బెల్టును ఎప్పుడూ ఒకే తీరుగా ఒత్తిపట్టి ఉంచుతుంది. బెల్టు కాస్త సాగితే చెయ్యి కాస్త ముందుకు వస్తుంది. బొటనవేలితో నొక్కి చూడవలసిన పని తప్పింది.

మెలికలు తిప్పటంలో ఇంకో లాభం ఉన్నది. ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. వసారా స్తంభానికి తాడును ఒక పూర్తి చుట్టు చుట్టండి. ఒక కొస మీరు పట్టుకుని, రెండవ కొసను మీ స్నేహితుణ్ణి మెల్లగా లాగమనండి. తరవాత రెండు చుట్లు చుట్టి చూడండి. రెండు వేళ్ళతో పట్టుకున్నా అతను లాగలేడు! 18వ శతాబ్దంలో అయిలర్ అనే గొప్ప గణితశాస్త్రజ్ఞుడు దీనికి లెక్క కట్టాడు. తాడుకూ స్తంభానికీ మధ్య ఒరిపిడి 0.3 అనుకుంటే, ఒక చుట్టుతో మీ బలం 6 రెట్లకు పైగా నిలుస్తుంది. రెండు చుట్లతో 40 రెట్లు దాటిపోతుంది! బెల్టు పుల్లీని ఎంత ఎక్కువ చుట్టుకుంటే అంత బాగా పట్టుకుంటుందన్నమాట. పాము బెల్టును అటూ ఇటూ మెలికలు తిప్పటంలో కిటుకు ఇదే. కొన్నిచోట్ల ఏ పనీ చెయ్యని ఉత్త చక్రాన్ని కూడా పెడతారు. బెల్టును పక్కకు ఒత్తి, పొరుగు పుల్లీని ఎక్కువ చుట్టుకునేట్టు చెయ్యటమే దాని పని.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వచ్చాం. దీన్ని మీ చేతులతోనే తెలుసుకోవచ్చు.

నాలుగు ఖాళీ దారపు రీళ్ళూ, ఒక చెక్కా, నాలుగు మేకులూ తీసుకోండి. పాతిక, ముప్ఫై అంగుళాల వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ కూడా కావాలి. మేకులు నాన్నగారి చేత కొట్టించుకోండి. మూడు రీళ్ళను త్రికోణంగా మేకులకు తగిలించండి. అవి తేలికగా తిరగాలి. ఎలాస్టిక్ పట్టీ లోపలివైపుకు ఎర్రరంగు పూయండి. రెండు కొసలూ కలిపి కుట్టి, దాన్ని మూడు రీళ్ళ చుట్టూ వెయ్యండి. ఇక నాలుగో రీలును త్రికోణానికి వెలుపల పెట్టి, పట్టీని లోపలికి కాస్త నొక్కేటట్టు దాని మేకు కొట్టించండి. రీళ్ళ తలల మీద సుద్దతో ఒక్కొక్క గీత గీయండి.

ఒక రీలును గడియారం ముళ్ళు తిరిగేవైపు తిప్పండి. ఏమైంది? ఎర్ర ముఖం తాకే మూడు రీళ్ళూ ఒకేవైపు తిరిగాయి. వీపు తాకే నాలుగో రీలు మాత్రం ఎదురు తిరిగింది! మళ్ళీ తిప్పి చూడండి. ఎన్నిసార్లు తిప్పినా అంతే. బెల్టు లోపలివైపు తాకే చక్రాలన్నీ ఒకదారి; వీపు తాకే చక్రాలది ఎదురుదారి. ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే చాలు, పాము బెల్టు రహస్యం మీకు తెలిసిపోయినట్టే.

ఇక మన 1970 నాటి ట్రక్కుకు రండి. దాని యజమాని 1988 తరవాతి షెవ్రోలె పికప్పు ఒకటి పాతసామాను దొడ్లో పడి ఉండగా చూశాడనుకోండి. దాని వి-8 ఇంజను కూడా ఇదే వంశానిది. కనక అందులోని పాము బెల్టూ, పుల్లీలూ, టెన్షనరూ, వాటిని పట్టి ఉంచే బ్రాకెట్లూ తెచ్చి తన ట్రక్కుకు బిగించాడు. తన నీటిపంపు బాగానే ఉన్నది గదా అని దాన్నిమాత్రం మార్చలేదు. కొత్త పుల్లీ ఒకటి దాని ఇరుసుకు బిగించి ఊరుకున్నాడు. ఇంజను నడిపిస్తే బెల్టు చక్కగా తిరిగింది. కీచుమని అరవలేదు కూడా. ఊళ్ళోకి బయలుదేరాడు. కాసేపటికి వేడిముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చింది. బండి ఆపి చూస్తే రేడియేటరు పొగలు కక్కుతున్నది!

కారణం మీరు ఈపాటికి కనిపెట్టే ఉంటారు. పాత ట్రక్కులో నీటిపంపును తిప్పేది బెల్టు లోపలివైపు. ముందు నిలబడి చూస్తే క్రాంకుతోపాటు అది కూడా గడియారం ముళ్ళు తిరిగేవైపే తిరుగుతుంది. 1988 పికప్పులో బెల్టు వీపు నీటిపంపును తాకుతుంది. కనక అక్కడ పంపు ఎదురు తిరుగుతుంది. ఆ పంపులోని రెక్కలను ఎదురు తిరగటానికి తగినట్టుగానే వంచి చేశారు. పాత పంపు రెక్కలు అట్లా లేవు. దాన్ని వెనక్కు తిప్పితే నీళ్ళు పారవలసినంతగా పారవు. పంపుకు బిగించిన ఫాను సంగతి కూడా అంతే. సరిగా తిరిగితే రేడియేటరు గుండా గాలిని ఇంజనువైపుకు లాగుతుంది. ఎదురు తిరిగితే గాలిని ముందుకు నెడుతుంది. బండి పోతుంటే ఎదురుగాలి ఇటు వస్తుంది, ఫాను గాలి అటు పోతుంది. ఇక చల్లబడేదెట్లా?

తెలిసినవాళ్ళు ఏం చేస్తారు? రెండు దారులున్నవి. ఒకటి, బెల్టుతోపాటు ఎదురు తిరిగే పంపునూ, ఎదురు తిరిగే ఫానునూ కూడా వేసుకోవటం. రెండవది, నీటిపంపును బెల్టు లోపలివైపు తాకేటట్టు అమర్చిన సామాను కొనుక్కుని, పాత తీరు పంపునే ఉంచుకోవటం. రెండూ మంచివే. రెండింటినీ కలగాపులగం చేస్తేనే చేటు. చిత్రమేమంటే ఆల్టర్నేటరు ఎటు తిరిగినా కరెంటు పుట్టిస్తుంది. కాని, దాన్ని చల్లబరచే చిన్న రెక్కలు ఒకవైపు తిరగటానికే వంచి ఉండవచ్చు. స్టీరింగు పంపు మాత్రం ఎదురు తిరిగితే పనిచెయ్యదు.

చూసుకోవలసినవి ఇంకా కొన్ని ఉన్నవి. షెవ్రోలె వి-8 ఇంజన్లకు పొట్టి నీటిపంపూ, పొడుగు నీటిపంపూ అని రెండు రకాలున్నవి. వాటి పొడుగులో అంగుళానికి పైగా తేడా ఉంటుంది. ఒక రకానికి చేసిన బ్రాకెట్లు రెండవదానికి పొసగవు. పుల్లీలన్నీ ఒకే తలంలో ఉండాలి. అంటే వాటి ముఖాలమీద తిన్నని ఇనపబద్దను ఆనిస్తే ఎక్కడా సందు కనిపించకూడదు. ఒక్క పుల్లీ పక్కకు జరిగినా బెల్టు గట్లు అరిగిపోతాయి. లేదా బెల్టు గాళ్ళలోనుంచి తప్పుకుని ఊడిపోతుంది. 1968 వరకూ వచ్చిన ఈ ఇంజన్ల తలలకు ముందువైపు బ్రాకెట్లు బిగించటానికి రంధ్రాలు ఉండేవి కావు. అటువంటి ఇంజనుకు వేరే రకం బ్రాకెట్లు వెతుక్కోవాలి.

అయితే పాము బెల్టులో లోపమే లేదా? ఉన్నది. మూడు వి-బెల్టులున్న బండిలో ఒకటి తెగితే తక్కినవాళ్ళు పని చేస్తూనే ఉంటారు. పాము బెల్టు తెగిందంటే పనివాళ్ళందరూ ఒక్కసారే చేతులు ముడుచుకుంటారు. నీటిపంపు ఆగుతుంది, కరెంటు పుట్టదు, స్టీరింగు బరువెక్కుతుంది. అప్పుడు బండిని పక్కకు తీసి ఇంజను ఆపవలసిందే. మంచి పాము బెల్టు లక్ష కిలోమీటర్లకు అటూ ఇటూగా నడుస్తుంది. ఈ కాలపు రబ్బరు పగుళ్ళు విచ్చకుండానే గట్లు అరిగిపోతుంది. కనక పైకి బాగున్నదని నమ్మి ఊరుకోకుండా, దాన్ని కొలిచి చూసి మార్చాలి.

ఇంతకూ పాత ట్రక్కును ఇట్లా మార్చటం మంచిదా, కాదా అని మీరడగవచ్చు. అమెరికాలో దీన్ని గురించి పెద్దవాళ్ళే వాదించుకుంటారు. తాతలనాటి వస్తువును ఉన్నది ఉన్నట్టు ఉంచితేనే విలువ అని కొందరంటారు. బండి దొడ్లో బొమ్మలాగా నిలబడటం కంటె నమ్మకంగా రోడ్డుమీద నడవటమే మేలని మరికొందరంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉన్నది. బుద్ధిమంతులు ఒక పని చేస్తారు. ఇంజనును ఎక్కడా కొయ్యరు, కొత్త రంధ్రం పెట్టరు. విప్పిన పాత పుల్లీలనూ, బ్రాకెట్లనూ, బోల్టులనూ ఒక పెట్టెలో సర్ది, ఏది ఎక్కడిదో చీటీ రాసి దాచిపెడతారు. రేపు వాళ్ళ పిల్లలు బండిని మళ్ళీ పాత రూపంలో చూడాలని ముచ్చటపడితే అన్నీ దొరుకుతాయి.

ఈనాటి కార్లలో చాలావాటికి పాము బెల్టులే ఉన్నవి. కొన్నిటిలో స్టీరింగుకు సాయం చేసేది కరెంటు మోటారు. కరెంటుతో నడిచే కార్లలో అయితే ఇంజనే లేదు కనక ఈ బెల్టుతో పని లేదు. ఎవరి కారుకైనా మూత తెరిచినప్పుడు చూడండి. అయితే ఇంజను ఆపి ఉన్నప్పుడే, పెద్దవాళ్ళు పక్కనుండగానే చూడాలి. తిరిగే బెల్టు దగ్గరికి వేలుగాని, జడగాని, ఓణీ కొంగుగాని, చొక్కా చెయ్యిగాని పోయిందంటే అది రెప్పపాటులో లాగేసుకుంటుంది. బెల్టు ఎక్కడ లోపలివైపుతో తాకుతున్నదో, ఎక్కడ వీపుతో తాకుతున్నదో కళ్ళతోనే వెతికి, ఏ చక్రం ఎటు తిరుగుతుందో ముందుగా చెప్పండి. తరవాత మెకానిక్కు మామయ్యను అడిగి సరిచూసుకోండి.

వచ్చే నెలకు ఒక ప్రశ్న. మీ దగ్గర రెండే రీళ్ళున్నవి. ఎలాస్టిక్ పట్టీని ఇంగ్లీషు 8 అంకె లాగా నడుమ మెలిపెట్టి వాటికి తగిలించారు. ఒక రీలును కుడివైపుకు తిప్పితే రెండవది ఎటు తిరుగుతుంది? ముందు ఆలోచించి జవాబు కాగితంమీద రాసుకోండి. ఆ తరవాతే తిప్పి చూడండి.